అరకు మున్సిపాలిటీ అయితే ఈ చెత్త, ఈ జామ్ పోతాయా?

లోయలోనే_ఉంటా
ఆదివారం, రాత్రి 9:50

ఇప్పుడే ఇంటికి చేరాను. రెండు కిలోమీటర్లకి గంటా పావు పట్టింది. ఎదురెదురుగా రెండు టూరిస్టు బస్సులు, వాటి సందులోంచి దూరిపోదామని ఒక కారు, ఇంక చూసుకోండి. సంత నుంచి వస్తున్న ఒక అవ్వ నా బండి పక్కనే తట్ట దించి, రాయి మీద కూచుని, "నడిచి ఎల్లిపోయుంటే ఈపాటికి అంబలి కాసీదాన్ని" అంది. నేను లెక్క కట్టి చూశాను, కాసేదే.

పొద్దున వ్యూపాయింట్ దగ్గర ఇంకో కథ. నీళ్ల సీసాలు, పేపరు ప్లేట్లు, బొంగులో చికెన్ తిని పారేసిన కాలిన బొంగులు. ఒక ఆవు మసాలా అంటిన కవరు నములుతోంది. లాగబోతే కొమ్ము విసిరింది.

మా పంచాయతీ పేరు రాయను. లోయలో వాళ్లకి ఎలాగూ తెలిసిపోతుంది. ఉన్నది ఒక ట్రాక్టరు, నలుగురు పారిశుద్ధ్య కార్మికులు. చలికాలం శని, ఆదివారాలు పడే చెత్తని ఆ నలుగురు బుధవారం దాకా ఎత్తుతూనే ఉంటారు. ఎత్తడం అయ్యేసరికి మళ్లీ శనివారం. నిన్న టీ కొట్టు దగ్గర ఒక పెద్దమనిషి తేల్చేశాడు, చుట్టుపక్కల పంచాయతీలన్నీ కలిపి మున్సిపాలిటీ చేసేస్తే గొడవ వదిలిపోతుందని. వదులుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి. పార్టీల గొడవ మాత్రం వద్దు, దండం పెడతాను.

విశాఖ_వీకెండ్
ఆదివారం, రాత్రి 10:15

తప్పకుండా చెయ్యాలి. ఊటీ మున్సిపాలిటీ, కొడైకెనాల్ మున్సిపాలిటీ. మనకి వైజాగ్ నుంచి నూట పదిహేను కిలోమీటర్లలో ఇంత లోయ ఉండి, పిల్లల్ని తీసుకొస్తే శుభ్రమైన బాత్రూమ్ దొరకదు. అసలు అడ్డంకి 1/70, ఏజెన్సీలో భూమి గిరిజనేతరులకి అమ్మకూడదనే చట్టం. ఆ చట్టం సడలిస్తే పెద్ద హోటళ్లు వస్తాయి, వాటితో పాటే రోడ్లు, డ్రైనేజీ, ఉద్యోగాలు అన్నీ వస్తాయి. స్థానికులకే లాభం. ఎవరినీ నొప్పించాలని కాదు, ప్రాక్టికల్‌గా చెబుతున్నా.

ఐదో_మలుపు
ఆదివారం, రాత్రి 10:22

బాబూ, ఇవాళ ఇరుక్కున్న ఆ రెండు బస్సుల్లో ఒకదాని వెనక నా బండే ఉంది. ఊటీకి ట్రిప్పు కొట్టావేటి ఈ మధ్య? నేను కొట్టాను. ఈ-పాస్ ఉంటేనే పైకి వదుల్తున్నారు.

పాత_పంతులు
సోమవారం, ఉదయం 6:05

ఐదో మలుపు చెప్పింది నిజం. ఊటీ, కొడైకెనాల్ రెండింటికీ మద్రాసు హైకోర్టు ఆదేశాలతో 2024 మే 7 నుంచి ఈ-పాస్ పెట్టారు. కొండలు బండ్లని మొయ్యలేకపోతున్నాయనే. మున్సిపాలిటీ ఉండి వాళ్లు తేల్చుకోలేనిది మనకి మున్సిపాలిటీ బోర్డు కట్టగానే తేలిపోదు.

ఇక అసలు ప్రశ్న. మనది అయిదో షెడ్యూలు ప్రాంతం, అంటే రాజ్యాంగం గిరిజనుల కోసం ప్రత్యేకంగా చూసే ప్రాంతం. మున్సిపాలిటీల గురించి రాజ్యాంగంలో ఉన్న 9-ఎ భాగం షెడ్యూల్డు ప్రాంతాలకి వర్తించదు, 243జడ్‌సి అధికరణం ఆ మాట సూటిగా చెబుతుంది. పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేసి విస్తరిస్తే తప్ప. పంచాయతీలకి అలాంటి చట్టం 1996లో చేశారు, అదే పెసా. పట్టణాలకి ఇంతవరకూ రాలేదు. అలా రాకుండానే మున్సిపాలిటీలు చేసిన చోట ఏమైందో తెలంగాణ వైపు చూడండి. మందమర్రి, పాల్వంచ, మణుగూరుల్లో కోర్టు కేసులతో ఏళ్ల తరబడి ఎన్నికలే జరగలేదు. కౌన్సిలరు లేడు, ఛైర్మన్ లేడు, అధికారి ఒక్కడే. ఇప్పుడు మీరు చెత్త గురించి సర్పంచి ఇంటికెళ్లి అరుస్తున్నారు. అప్పుడు ఎవరి ఇంటికెళ్లి అరుస్తారు?

లోయలోనే_ఉంటా
సోమవారం, ఉదయం 7:30

మాస్టారూ, ఇది మాకెవరూ చెప్పలేదు. టీ కొట్టు పెద్దమనిషికి చూపిస్తాను.

విశాఖ_వీకెండ్
సోమవారం, ఉదయం 9:10

సరే, మున్సిపాలిటీ సంగతి వదిలేద్దాం. 1/70 మాటేమిటి? యాభై ఏళ్ల కిందటి చట్టం. అప్పుడు పరిస్థితి వేరు.

పాత_పంతులు
సోమవారం, ఉదయం 11:40

యాభై కాదు నాయనా, నూరేళ్లు దాటింది. ఏజెన్సీలో గిరిజనుల భూమి చేతులు మారకుండా మొదటి చట్టం 1917లో తెల్లదొరలే తెచ్చారు. కొండ మీద గొడవలు లేస్తే అణచడానికయ్యే ఖర్చు వాళ్లకి తెలుసు. తరవాత 1959 రెగ్యులేషన్. అందులో ఒక కన్నం ఉండిపోయింది: గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్ముకోవచ్చు. 1970లో వచ్చిన ఒకటో నంబరు రెగ్యులేషన్ ఆ కన్నం మూసింది, అందుకే జనం నోట 1/70 అయింది. ఇక్కడ భూమి ఎవరు అమ్మినా కొనేది గిరిజనుడో, గిరిజనుల సహకార సంఘమో అయ్యుండాలి. అమ్మకం ఒక్కటే కాదు. కౌలు, తనఖా, దానం, మార్పిడి, బినామీ, అన్నీ బదిలీ కిందికే వస్తాయి.

"సడలిస్తే" అని తేలిగ్గా అనేశారు. 2025 జనవరిలో విశాఖలో పర్యాటక సదస్సు వేదిక మీద అసెంబ్లీ స్పీకరు ఆ మాటే అన్నారు. ఫిబ్రవరి 11, 12 తేదీల్లో 48 గంటల పాటు మన్యం మొత్తం బంద్. దుకాణం తెరవలేదు, బస్సు కదల్లేదు. 1/70 జోలికి వెళ్లేది లేదని ముఖ్యమంత్రే చెప్పాల్సి వచ్చింది.

ఐదో_మలుపు
సోమవారం, మధ్యాహ్నం 1:15

ఆ రెండ్రోజులూ నేను కొండ కింద ఎస్.కోటలోనే బండి ఆపుకుని కూచున్నా. నష్టమే. కానీ ఒకటి చెప్పాలి. నా బండిలో ఎక్కే ఆదివాసీ కుర్రాళ్లకి ఫోన్లో రీళ్లు తప్ప ఏదీ పట్టదనుకునేవాణ్ణి. ఆ రెండ్రోజులు చెట్టు నరికి రోడ్డుకి అడ్డం వేసింది ఆ కుర్రాళ్లే.

మూడోతరం_కొట్టు
సోమవారం, రాత్రి 8:45

ఇక్కడ అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు కాబట్టి రాస్తున్నాను. మా తాత ఉప్పు, కిరసనాయిలు, బట్టలు గుర్రాల మీద వేసుకుని ఘాటెక్కినవాడు. మా కొట్టున్న స్థలం 1970కి ముందు కొన్నది, కాగితాలు ఉన్నాయి. నేను ఇక్కడే పుట్టాను. నాకు తెలుగు కన్నా ముందు ఆదివాసీ ఒడియా వచ్చు.

ఆ స్థలం మీద బ్యాంకు అప్పివ్వదు. అమ్ముదామంటే కొనగలిగినవాళ్లు కొనకూడదు, కొనదగ్గవాళ్ల దగ్గర అంత డబ్బుండదు. సర్పంచి పదవికి నిలబడలేను, అది ఎస్టీలకే. దాని మీద నాకు పేచీ లేదు. కానీ మొన్న కొట్టు ముందు కాలువ తియ్యమని అడిగితే "మీరు బయటోళ్లు కదా" అన్నాడొక కుర్రాడు. వాడికి మా కొట్లోనే బారసాల బట్టలు కొన్నారు.

కాఫీ_తోట
సోమవారం, రాత్రి 9:20

అన్నా, ఆ కుర్రాడన్నది తప్పే. కానీ మీ తాత ఉప్పు గురించి మా అవ్వ కూడా చెప్పేది. సోలెడు ఉప్పుకి కుంచెడు చింతపండు పట్టుకెళ్లేవారని. కుంచం కూడా మీదేనట.

మూడోతరం_కొట్టు
సోమవారం, రాత్రి 9:41

నిజమే అక్కా. మా తాత పుణ్యాత్ముడని నేనెక్కడా రాయలేదు.

కాఫీ_తోట
సోమవారం, రాత్రి 10:30

అది ఒప్పుకున్నారు, చాలు.

నేను చెప్పదల్చుకున్నది వేరే. అందరూ టూరిజం, టూరిజం అంటున్నారు. మాకు కాఫీ పళ్లు కోసేది ఎప్పుడనుకుంటున్నారు? నవంబరు నుంచి జనవరి. మీ సీజనూ అదే. కోతకి మనుషులు దొరకట్లేదు. మా మరిది కొడుకు పదో తరగతి, శనివారం వచ్చిందంటే గుర్రం అద్దెకి తీసుకుని ఫొటోలకి నిలబెడతాడు. మా తోటలో రోజంతా కోస్తే వచ్చే కూలి వాడికి మధ్యాహ్నానికే వస్తోంది. వాణ్ణి నేనేమని తిట్టను?

అరకు కాఫీకి 2019లో జీఐ గుర్తింపు, అంటే ఈ ప్రాంతపు సరుకే అని చెప్పే ముద్ర, వచ్చింది, పార్లమెంటులో కూడా స్టాలు పెట్టారు, సంతోషం. ఆ కాఫీ సిల్వర్ ఓక్ నీడన, చల్లగా, తడి ఉన్న నేల మీద పెరుగుతుంది. మా ఊరికి నీళ్లు కొండ ఊట నుంచి గ్రావిటీ పైపులో వస్తాయి. కరెంటు అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు, ఊట ఉంటే చాలు. మా ఊరి పైన రెండేళ్ల కిందట ఒక రిసార్టు లేచింది, మూడు బోర్లు వేశారు. గత మార్చిలో మా కుళాయి కింద బిందె నిండడానికి ఎంతసేపు పడుతోందో మా పాప చూసింది. వాళ్ల బడిలో నేర్పిన పద్యం పదకొండుసార్లు చదివిందట. అంతకు ముందు ఏడాది నాలుగుసార్లకే నిండేది.

బోర్ల వల్లే అని నేను కోర్టులో రుజువు చెయ్యలేను. కానీ బోరు వేసేముందు మా గ్రామసభని ఎవరూ అడగలేదు. అది మాత్రం రుజువు చెయ్యగలను. మినిట్సు పుస్తకం నేనే రాస్తాను.

ఐదో_మలుపు
సోమవారం, రాత్రి 10:34

పదకొండు పద్యాలు. ఈ లెక్క కలెక్టరుకి పంపమ్మా.

విశాఖ_వీకెండ్
మంగళవారం, ఉదయం 8:00

అక్క చెప్పింది చదివాక నాకూ ఒక డౌటు. 1/70 ఉండగానే కదా ఆ రిసార్టు లేచింది? మరి చట్టం ఎవరిని ఆపినట్టు? రూలు ప్రకారం వచ్చేవాణ్ణి ఆపుతోంది, రూలు తప్పేవాణ్ణి ఆపట్లేదు. దీనికన్నా సడలించి, పన్ను వేసి, షరతులు పెట్టడమే నయం కాదా?

పాత_పంతులు
మంగళవారం, ఉదయం 8:50

మంచి ప్రశ్న అడిగావు. నా దగ్గర ఉన్నది సగం జవాబే.

అమలు సరిగ్గా లేదు, ఒప్పుకోవాల్సిందే. కానీ తాళం సరిగ్గా పడట్లేదని తలుపే తీసి పక్కన పెట్టేస్తామా? ఒకసారి సడలిస్తే ముందుగా పోయేది ఎవరి భూమి? రోడ్డు పక్కది, వ్యూపాయింటు పక్కది. మళ్లీ తిరిగిరాదు.

ఇంకోటి సమత తీర్పు, సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో వచ్చింది. సుప్రీంకోర్టు, 1997 జూలై 11. ఎక్కడో ఢిల్లీ గొడవ కాదది, మన అనంతగిరి మండలంలో, బొర్రా చుట్టుపక్కల ఊళ్లలో ఇచ్చిన మైనింగ్ లీజుల మీద పుట్టింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వం కూడా తన భూమిని గిరిజనేతరులకి లీజుకివ్వకూడదని తేల్చారు. ప్రభుత్వ సంస్థలు, గిరిజన సహకార సంఘాలు గనులు నడుపుకోవచ్చన్నారు. నికర లాభంలో కనీసం 20 శాతం తీసి ఆ ప్రాంతంలో నీళ్లకీ బడికీ ఆసుపత్రికీ రోడ్డుకీ శాశ్వత నిధిగా పెట్టమన్నారు. అది గనుల కేసు. టూరిజానికి యథాతథంగా వర్తిస్తుందని నేననను. కానీ బొర్రా గుహల టికెట్టు డబ్బులో ఊరికి వాటా కావాలని జనం ఏళ్ల నుంచి అడుగుతున్నారంటే, ఆ అడగడం ఈ వాసన పట్టిందే.

కొండ_కింద
మంగళవారం, రాత్రి 11:55

ఇన్నాళ్లూ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. విశాఖ వీకెండ్ అన్నగారు అడిగారు కదా, చట్టం ఉండగా రిసార్టు ఎలా లేచిందని. ఎలా లేస్తుందో నేను చెబుతాను.

మా నాన్నకి రోడ్డు పక్కన నలభై సెంట్లు ఉండేవి. ఉండేవి అనకూడదు, ఇప్పటికీ కాగితం మీద ఉన్నాయి. ఏడేళ్ల కిందట కింద నుంచి ఒక సారు వచ్చాడు. మంచిగానే మాట్లాడాడు. భూమి నీదే, నేను కట్టుకుంటాను, పైకి నీ పేరే అన్నాడు. నాన్న చేత తెల్ల స్టాంపు కాగితాల మీద వేలిముద్రలు వేయించుకున్నాడు. ఎన్ని అని అడిగితే నాన్న చెయ్యి చూపిస్తాడు, అయిదు వేళ్లు. ఇచ్చిన డబ్బులతో అక్క పెళ్లయింది, ఇంటికి రేకులు వచ్చాయి.

లాడ్జీ లేచింది. ప్లాను అప్లికేషను నాన్న పేరు మీద. కరెంటు మీటరు నాన్న పేరు మీద. నాన్న అందులో నైట్ వాచ్‌మన్. నెలకి జీతం, ఒక స్వెట్టరు, ఒక టార్చిలైటు. నేను డిగ్రీ చదువుతూ సెలవుల్లో వెళ్తే రిసెప్షన్ కుర్రాడు నన్ను వెనక గేటు నుంచి రమ్మన్నాడు. కోపం రాలేదు. వాడికి తెలీదు కదా.

సర్పంచి మావాడే. ఎంపీటీసీ మావాడే. అసెంబ్లీ సీటు మాది, పార్లమెంటు సీటూ మాది. రాత్రి గేటు దగ్గర టార్చి పట్టుకుని నిలబడేదీ మావాడే.

కాఫీ_తోట
బుధవారం, ఉదయం 5:40

తమ్ముడూ, ఏ ఊరో అడగను. మా వైపు కూడా ఇలాంటివి మూడున్నాయి.

విశాఖ_వీకెండ్
బుధవారం, ఉదయం 9:30

నిజంగా నాకు తెలీదు. మొన్న క్రిస్మస్‌కి మేం దిగిన లాడ్జీలో కూడా గేటు దగ్గర ఒక పెద్దాయన ఉన్నాడు. పిల్లలకి మంట వేసి పెట్టాడు. ఇరవై రూపాయలిచ్చాను.

మూడోతరం_కొట్టు
బుధవారం, ఉదయం 10:10

కొండ కింద బాబూ, నువ్వు రాసింది చదివాక నా స్థలం గోడు చిన్నదనిపించింది. ఒక మాట చెబుతాను, అందరూ వినండి. నా కొట్టుకి ఇంటిపన్ను ఏ ఏడూ ఎగ్గొట్టలేదు, రసీదులన్నీ డబ్బాలో ఉన్నాయి. ఈ లాడ్జీలు పంచాయతీకి ఎంత కడుతున్నాయి? అసలు డిమాండ్ రిజిస్టరులో, అదే ఎవరు ఎంత పన్ను కట్టాలో రాసే పుస్తకంలో, ఉన్నాయా? ట్రాక్టరు లేదు, మనుషులు లేరు అని మొత్తుకునే ముందు ఆ పుస్తకం తెరిపించండి.

ఐదో_మలుపు
బుధవారం, ఉదయం 10:25

కొట్టు అన్న అసలు పాయింటు పట్టాడు. అన్నట్టు ఈ 516ఇ హైవే పని మొత్తం అయిపోతే రాజమండ్రి వైపు నుంచి చింతపల్లి, పాడేరు మీదుగా కూడా నేరుగా వచ్చేస్తారు. ఇప్పటి జామ్ అప్పటికి ముచ్చటగా గుర్తు చేసుకుంటాం.

గోస్తనీ_నీళ్లు
బుధవారం, మధ్యాహ్నం 2:00

అందరూ రోడ్డు గురించే, రైలు గురించి ఎవరూ మాట్లాడరేం? అరకు మీదుగా పోయే కొత్తవలస–కిరండూల్ లైనుని ఒడిశాలోని కొత్త రాయగడ డివిజన్లో కలిపేశారు. అద్దాల బోగీలు నింపేది విశాఖ జనం, పెత్తనం రాయగడది. దీని మీద కదా బంద్ చెయ్యాల్సింది!

ఐదో_మలుపు
బుధవారం, మధ్యాహ్నం 2:07

ఆ లైను వేసిందే ఛత్తీస్‌గఢ్ బైలదిల్లా గనుల ఇనుప రాయి జపాన్‌కి పంపడానికి. మనం మధ్యలో కిటికీ దగ్గర కూచున్నాం, అంతే. దానికి వేరే దారం మొదలెట్టు బాబూ, ఇక్కడ చెత్త తేలాలి ముందు.

లోయలోనే_ఉంటా
గురువారం, రాత్రి 8:20

కొట్టు అన్న చెప్పినట్టే చేశాను. సమాచార హక్కు కింద అర్జీ పెట్టాను. లాడ్జీలు, రిసార్టులు, టెంట్ల లిస్టు, ఒక్కోదానికి వేసిన పన్ను, వసూలైంది ఎంత. గ్రామ స్థాయిలో ఫీజు కూడా లేదట, నేను పది రూపాయలు జేబులో పెట్టుకుని వెళ్లాను. సెక్రటరీ అమ్మాయి కొత్తది, అర్జీ చదివి "ఇది నాక్కూడా కావాలండీ" అంది. ముప్పై రోజులు ఆగాలి.

టెంట్లు వేసేవాళ్ల తరఫున ఒక ప్రశ్న మాస్టారూ. పోడు పట్టా భూమిలో టెంట్లు వేసి బయటివాళ్లకి అద్దెకి ఇచ్చేస్తున్నారు కొందరు. చెల్లుతుందా?

పాత_పంతులు
గురువారం, రాత్రి 9:00

2006 అటవీ హక్కుల చట్టం పట్టా వారసత్వంగా పిల్లలకి వస్తుంది. అమ్మడానికి గానీ ఇంకొకరికి రాసివ్వడానికి గానీ కుదరదు. సొంతంగా ఏ మేరకు చేసుకోవచ్చన్నది ఐటీడీఏలో, అదే గిరిజనాభివృద్ధి సంస్థ ఆఫీసులో అడిగి, జవాబు రాతలో తీసుకోండి. నోటిమాట మీద ఒక్క గూటం కూడా పాతొద్దు.

లోయలోనే_ఉంటా
అయిదు వారాల తరవాత, శుక్రవారం, రాత్రి 7:15

వచ్చింది. ఎనిమిది పేజీలు.

మా పంచాయతీ పరిధిలో నేను బండి మీద తిరిగి లెక్కపెట్టినవి ముప్పై ఒకటి. రిజిస్టరులో ఉన్నవి పంతొమ్మిది. అందులో పద్నాలుగింటికి "నివాస గృహం" అని రాసి పన్ను వేశారు. ఇరవై రెండు గదుల నివాస గృహం ఒకటి ఉంది. ఎంత పెద్ద కుటుంబమో.

పోయిన మంగళవారం గ్రామసభలో ఈ కాగితాలు చదివాం. ఎప్పుడూ పాతిక మంది వచ్చే సభకి ఈసారి చెట్టు కింద చోటు చాలలేదు. ఒకాయన లేచి, 15వ ఆర్థిక సంఘం డబ్బులు కరెంటు బకాయిలకి జమేసుకున్న రోజుల నుంచీ పంచాయతీ ఖజానా ఇలాగే ఉందని మొదలెట్టి అరగంట లాగాడు. అయినా చివరికి తీర్మానం అయింది. అన్నిటినీ మళ్లీ కొలిచి, వాణిజ్య పన్ను వెయ్యాలి. వచ్చిన డబ్బుతో రెండో ట్రాక్టరు. రోడ్డు పక్క పార్కింగుకి ఎవరి భూమీ తీసుకోకుండా, పాత సంత మైదానం శని, ఆదివారాలు వాడుకోవాలి, వసూలు మహిళా సంఘానికి. బోరు వెయ్యాలంటే సభ ముందుకి రావాలి. కాఫీ తోట అక్క ఊరి కథ నేను సభలో చెప్పాను, పద్యాలతో సహా.

కాఫీ_తోట
శుక్రవారం, రాత్రి 7:50

మా పాపకి చెప్పాను. "పేరు రాశారా?" అని అడిగింది.

విశాఖ_వీకెండ్
శుక్రవారం, రాత్రి 8:30

బాగా చేశారు. గది అద్దె కొంచెం పెరుగుతుందేమో, పెరగనీండి. మైదానంలో పార్కింగ్ పెడితే అక్కణ్ణుంచి వ్యూపాయింటుకి ఆటోలు కూడా పెట్టండి, మావాళ్లు నడవరు.

ఐదో_మలుపు
శుక్రవారం, రాత్రి 8:33

మీవాళ్లు నడవరని మాకు బాగా తెలుసు బాబూ.

కొండ_కింద
ఇంకో మూడు వారాలకి, బుధవారం, రాత్రి 10:40

మా పంచాయతీలో కూడా మీది చూసి ఇలాగే కొలతలు వేశారు. మంచిదే అనుకున్నాను. నిన్న ఇంటికి నోటీసు వచ్చింది. నాన్న పేరు మీద. మూడేళ్ల తేడా పన్ను, గడువు పదిహేను రోజులు. నాన్న ఏడాది జీతం కన్నా ఎక్కువ.

సారుకి ఫోన్ చేశాను. మొదటిసారి ఎత్తాడు, విషయం విని "చూద్దాం" అన్నాడు. తరవాత నుంచి ఎత్తట్లేదు. మేనేజరు మాత్రం రాత్రి డ్యూటీ తప్పొద్దన్నాడు.

నాన్నకి చదువు రాదు. నోటీసు నేను చదివి వినిపించాను. "లాడ్జీ యజమాని అయిన మీకు తెలియజేయునది" అని మొదలవుతుంది. అక్కడ ఆపించి, మళ్లీ చదవమన్నాడు. చదివాను. ఇంకోసారి చదవమన్నాడు. స్వెట్టరు వేసుకున్నాడు గానీ డ్యూటీకి వెళ్లలేదు, కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని అరుగు మీద కూచున్నాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు.

ఏం చెయ్యాలి మాస్టారూ?

పాత_పంతులు
బుధవారం, రాత్రి 10:58

ముందు ఒక్క రూపాయి కూడా మీ చేత్తో కట్టకండి. అలాగని నోటీసుని పక్కన పడెయ్యకండి కూడా. గడువులోపు రాతపూర్వకంగా జవాబివ్వాలి, నడుపుతున్నది ఎవరో, జీతం ఎవరిస్తున్నారో అందులో రాయాలి. ఆ సారుకి ఇచ్చింది కౌలు అన్నా, బినామీ అన్నా చట్టం ముందు చెల్లదు. భూమి మీ నాన్నది. పాడేరులో గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టరు దగ్గర పిటిషను వెయ్యొచ్చు. స్టాంపు కాగితాల భయం ఉంది, ఉండాల్సిందే. అందుకే ఒక్కడివే వెళ్లొద్దు.

పట్టాదారు పాసుపుస్తకం, కరెంటు బిల్లు, ప్లాను అప్లికేషను కాపీ, జీతం ఇచ్చినట్టు ఏ కాగితం ఉన్నా, ఫోన్లో మెసేజీ ఉన్నా అన్నీ తీసి పెట్టుకో. నోటీసు రెండు వైపులా జిరాక్సు తియ్యి. నేను పాడేరు వస్తాను.

మూడోతరం_కొట్టు
బుధవారం, రాత్రి 11:10

పన్ను తెరిపించమని మొదట అన్నది నేను. ఇలా మీ మీద పడుతుందనుకోలేదు బాబూ. లాయరు ఫీజులో నా వంతు ఉంటుంది.

కొండ_కింద
బుధవారం, రాత్రి 11:16

మీ తప్పు కాదు బాబాయ్. నాన్న ఇందాక అడిగాడు, యజమాని అంటే రాత్రి కాపలా ఉండక్కర్లేదు కదా అని.

ఐదో_మలుపు
బుధవారం, రాత్రి 11:20

శనివారం పొద్దున్నే పాడేరు వెళ్తున్నా, ఖాళీ బండి. ఆరున్నరకి మీ రోడ్డు మలుపు దగ్గర ఆగుతాను. నాన్నని ముందు సీట్లో కూచోబెట్టు, ఘాట్‌లో తిప్పుతుంది.